గూడు పెట్టే నెలలు ఒడ్డుకు దూరం జరుగుదాం

మా నేరేడ్‌మెట్ పక్కనే సఫిల్‌గూడ చెరువు. పాతోళ్లు నడిమి చెరువు అంటరు. పొద్దుగాల నేనూ ఆడికే వాకింగ్‌కు పోత. చెరువుల నీటికోళ్లు గూడు పెట్టేది వానకాలంల, నీళ్లంచున గడ్డిల. చెరువు నిండి అందంగ కనవడేది గూడ అప్పుడే. ఇగ సెల్ఫీలు, డ్రోన్లు, పాటల స్పీకర్లు గడ్డి దాకా పోతయి. తల్లి బెదిరి లేస్తే గుడ్లు కాకులపాలే.

చట్టం లేదా అంటే ఉన్నది. 1972 వన్యప్రాణి చట్టంల గూడు చెదరగొట్టుడు గూడ వేట కిందికే వస్తది. కని ప్రతి పొద కాడ పోలీసును నిలబెడ్తమా? గేటుకు తాళమేస్తే వాకింగోళ్లు దూరమైతరు. రేపు ఎవడన్న కబ్జా పెడ్తే అడిగేదెవరు?

బ్రిటన్‌ల కొండలెక్కేటోళ్లకు ఇదే లొల్లి. బైరిడేగలు బండల అంచుల మీదనే గూడు పెడ్తయి. ఆడ బ్రిటిష్ మౌంటెనీరింగ్ కౌన్సిల్, పక్షుల సంఘాలతోని, భూమి ఓనర్లతోని మాట్లాడి, ఏ బండ ఏ నెలలల్ల ఎక్కొద్దో రాసుకుంటది. ఎక్కువ మటుకు మార్చి నుంచి జూన్ దాకా. కొండంత బంద్ కాదు, గూడున్న ముక్కనే. పిల్లలు జల్ది ఎగిరిపోతే జల్ది తెరుస్తరు. నెపం లేకుండ ఆపరని తెలుసు గనుక ఎక్కేటోళ్లే ఒకరికొకరు చెప్పుకుంటరు.

మనం గూడ ఒకపారి కూసుందాం తమ్మీ. కట్ట మనది, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా గడ్డి ఒడ్డు పక్షులది. మీ ఊరి చెరువైతే చేపల సొసైటోళ్లను ముందుగాల పిలువుండ్రి. గూడు యాడున్నదో వాళ్లకే ఎరుక.