కుక్క గోక్కుంటోందా? చేలమందు పూయకండి!

మీ ఇంటి కుక్క రాత్రంతా పరపరా గోక్కుంటూ, తోక మొదలు కొరుక్కుంటూ ఉందా? “కుక్కన్నాక గోక్కోదా!” అని ఊరుకోకండి. అలాగని చేతికందిన మందల్లా పూసేయకండి.

మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లో పత్తి, మిరప వేసే ఇళ్ళల్లో పురుగుమందు డబ్బా ఏదో ఓ మూల ఉంటుంది. “చేలో పురుగు చస్తే గోమారు చావదా?” అని ఆ మందే నీళ్ళల్లో కలిపి రుద్దేవాళ్ళున్నారు. ఇది చాలా ప్రమాదం. మందు చర్మంలోంచి ఒంట్లోకి దిగుతుంది. పైగా కుక్క ఒళ్ళు నాక్కుంటుంది. చొంగ, వణుకు, వాంతులు మొదలై ప్రాణం మీదికొస్తుంది. వాడేసిన ఇంజనాయిలు, కిరసనాయిలు, ఫినాయిలు కూడా పనికిరావు. ఎవరైనా తెలియక పూసి ఉంటే, చేతులకు తొడుగులు వేసుకుని సబ్బు నీళ్ళతో కడిగి, వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మందు డబ్బా కూడా చూపించండి.

ముందు కారణం వెతకండి

చెవుల లోపల, వేళ్ళ సందుల్లో, మెడపట్టీ కింద వెంట్రుకలు పాయలు తీసి చూడండి. గోమార్లుంటే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగండి. అగరుబత్తితో కాల్చొద్దు, గోళ్ళతో చిదమొద్దు. సర్ఫు నీళ్ళ సీసాలో వేసి మూత పెట్టి, చేతులు కడుక్కోండి.

గోమారు గుడ్లు పెట్టేది కుక్క ఒంటి మీద కాదు, గోడ పగుళ్ళల్లో, బండల సందుల్లో. అదీ వేలల్లో! అందుకే కుక్క పడుకునే చోట సందులు సిమెంటుతో పూడ్చండి. దాని గోనెపట్టాను వారానికోసారి వేణ్ణీళ్ళల్లో ఉతికి ఎండలో ఆరెయ్యండి.

స్నానం ఇలా

మన ఒంటిసబ్బు కుక్క చర్మానికి పడదు. కుక్కల షాంపూయే వాడండి. మూడు వారాలకోసారి చాలు. పశ్చిమ ప్రకాశంలో చాలా ఊళ్ళల్లో బోరునీళ్ళు ఉప్పగా ఉంటాయి, సబ్బు ఒక పట్టాన వదలదు. మిగిలిన సబ్బుతోనే దురద పెరుగుతుంది. చివరి రెండు చెంబులు మాత్రం మంచినీళ్ళు పోసి, వేళ్ళ సందులతో సహా తుడిచి ఆరబెట్టండి.

రెండు గుప్పిళ్ళ వేపాకు రెండు లీటర్ల నీళ్ళల్లో మరిగించి, చల్లార్చి, వడగట్టి గుడ్డతో అద్దితే చిన్నపాటి దురద కాస్త తగ్గుతుంది. పుండ్ల మీద అద్దొద్దు. వేపాకు గజ్జిని మాత్రం కుదర్చదు.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

చెవి అంచులు, మోచేతుల దగ్గర వెంట్రుకలు రాలి చెక్కు కడితే గజ్జి కావచ్చు. గుండ్రటి మచ్చలైతే తామర కావచ్చు. ఈ రెండూ ఇంట్లో పిల్లలకూ అంటుకోవచ్చు. చర్మం కాస్త గీకి సూక్ష్మదర్శినిలో చూస్తేగాని గజ్జి రకం తేలదు. జ్వరం, తిండి మానేయడం, చిగుళ్ళు పాలిపోవడం కనిపిస్తే గోమారు జ్వరమేమో! ఒక్కరోజు కూడా ఆగొద్దు.

గోమార్లకు ఇప్పుడు మాత్రలూ, మెడ మీద వేసే చుక్కలూ వచ్చాయి. బరువును బట్టి డాక్టరు రాసినవే వాడండి. ఫిట్స్ వచ్చే కుక్కయితే ముందే చెప్పండి. కుక్క చుక్కల మందు పిల్లికి వేయకండి. కొన్ని రకాలు పిల్లి ప్రాణం తీస్తాయి.

ఈ ఆదివారం ఓ పావుగంట కుక్కను ఒళ్ళో పెట్టుకుని చెవులు చూడండి. ఆ చేత్తోనే పురుగుమందు డబ్బాను తాళం వేసే పెట్టెలోకి మార్చండి.