ఆడ బోవా ప్రజనన పరిపక్వత

ఆడ బోవా ప్రజనన పరిపక్వత అనగా, బంధనంలో పెరుగుతున్న ఆడ బోవా పాము గర్భం ధరించి, ప్రాణాపాయం లేకుండా పిల్లలను కనగల స్థితికి చేరుకోవడం. బోవాలు విషంలేని పాములు. కొండచిలువ గుడ్లు పెట్టి, వాటిని చుట్టుకొని పొదుగుతుంది. బోవాలలో అత్యధిక జాతులు మాత్రం నేరుగా పిల్లలనే కంటాయి. నెలల తరబడి ఆ భారాన్ని తల్లి దేహమే మోయవలసి ఉన్నందున, తొందరపడి జతకట్టించడం తల్లికీ పిల్లలకూ ముప్పు.

ఆంధ్ర ప్రాంతపు బోవా

తెలుగు నేలపై బాగా తెలిసిన బోవా రెండు తలల పాము. దీని శాస్త్రీయ నామం ఎరిక్స్ జానీ. తోక మొద్దుగా, తలను పోలి ఉండటం వలన ఈ పేరు వచ్చింది. నిజానికి తల ఒక్కటే. విశాఖపట్నంలో నివసించి కోరమాండల్ తీరపు పాములను వర్ణించిన పాట్రిక్ రస్సెల్, తరంగంబాడిలోని మతప్రచారకుడు క్రిస్టోఫ్ శామ్యూల్ జాన్ గౌరవార్థం 1801లో దీనికి ఆ నామం పెట్టాడు. అమలాపురం, రాజోలు పరిసరాల తడి వరిచేలకంటే పొడి ఇసుక నేలలే దీనికి అనువైనవి. పెద్దదైతే సుమారు ఒక మీటరు పొడవు ఉంటుంది. మగదానికంటే ఆడది పెద్దది. ఎలుకలను తిని రైతుకు మేలు చేస్తుంది.

సంపద తెస్తుందన్న మూఢనమ్మకంతో దీనిని దొంగచాటుగా అమ్ముతారు, అదీ బరువును బట్టి వెల కట్టి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం దీనిని పట్టడం, ఉంచుకోవడం, అమ్మడం నేరం. కనుక చట్టబద్ధంగా ఇది బంధనంలో కనిపించేది జంతుప్రదర్శనశాలల్లోనూ, సంరక్షణ కేంద్రాల్లోనూ మాత్రమే. స్వాధీనం చేసుకున్న పాము వయసు ఎవరికీ తెలియదు. దాని పరిపక్వతను దేహాన్ని చూసి తెలుసుకోవలసినదే.

నిర్ధారించే విధానం

సరీసృపాలలో వయసుకంటే దేహ పరిమాణమే పరిపక్వతను ఎక్కువగా నిర్ణయిస్తుంది. అయితే పరిమాణం అనగా ఇక్కడ పొడవు, ఎముకల ఎదుగుదల. కేవలం బరువు కాదు. ఈ తేడాను గుర్తించకపోవడమే తరచుగా జరిగే పొరపాటు. పెయ్య ఎదకు వచ్చినంత మాత్రాన చూడి కట్టించరాదని, ఒళ్ళు ఎదిగే వరకు ఆగాలని కోనసీమ పాడి రైతుకు తెలిసినదే. పాము విషయమూ అంతే.

అమెరికా ఖండాలకు చెందిన సాధారణ బోవాలో ఆడది మూడు నాలుగేళ్ళ వయసులో, సుమారు 1.8 మీటర్ల పొడవుకు చేరాక పరిపక్వమైనట్లు పరిగణిస్తారు. అతిగా మేపితే రెండేళ్ళకే అది లావుగా కనిపించవచ్చు. కాని ఆ లావు కొవ్వే. అటువంటి పాము ఫలదీకరణం చెందని పసుపు ముద్దలను విసర్జించడం, ప్రసవం అడ్డుపడటం వంటివి సంభవిస్తాయి. అలాగని బక్కచిక్కిన పామూ పనికిరాదు. కాలేయంలో తయారయ్యే సొన పదార్థానికి, ఆపై గర్భకాలానికి కావలసిన శక్తి చాలావరకు ముందే నిలవచేసిన కొవ్వు నుండి రావాలి. వెన్నెముక పైకి తేలకుండా, వంగినప్పుడు చర్మం ముడతలు పడకుండా, దేహం గుండ్రంగా ఉండటం మంచి లక్షణం.

పైకి కనిపించే ఈ గుర్తులు అంచనాకే పనికివస్తాయి. లోపల అండాశయ పుటికలు పెరుగుతున్నాయో లేదో అల్ట్రాసౌండ్ పరీక్షలో తెలుస్తుంది. అనుభవంగల పశువైద్యుడు పొట్టను వేళ్ళతో మృదువుగా తడిమి కూడా వాటిని గుర్తించగలడు. అనుభవం లేనివారు నొక్కితే పుటికలు చిట్లవచ్చు. ముందుగా పాము ఆడదేనని నిర్ధారించుకోవాలి. అవస్కరానికి ఇరుపక్కలా ఉండే గోరువంటి ముళ్ళు సాధారణంగా మగదానికి పెద్దవి.

విదేశీ బోవాలు

సాధారణ బోవా అంతర్జాతీయ వన్యజీవి వాణిజ్య ఒప్పందపు రెండవ అనుబంధంలో ఉన్నది. భారతదేశంలో దానిని కలిగి ఉన్నవారు 2024 నాటి నియమాల ప్రకారం నమోదు చేయించుకోవాలి.

గర్భకాలం

సాధారణ బోవాలో ఇది ఉష్ణోగ్రతను బట్టి సుమారు ఐదు నుండి ఎనిమిది నెలలు. అండోత్సర్గం తరువాత కొన్ని వారాలకు పాము కుబుసం విడుస్తుంది. అక్కడినుండి ప్రసవానికి మూడు నెలలకు పైగా పడుతుంది. ఒకసారి పిల్లలను కన్న ఆడది తరచుగా మరుసటి ఏడాది గర్భం ధరించదు. కరిగిన కొవ్వు తిరిగి చేరే వరకు, ఎంత వయసు వచ్చినదైనా, దానిని మగదానితో కలపరాదు.