‘హాల్ట్’ అన్న మాటకు అర్థమేమి?

ఆర్కాటు సమీపంలోని వాలాజా రోడ్డుకు రాయపురం నుంచి 1856 జులై 1న దక్షిణ భారతదేశపు తొలి ప్రయాణికుల రైలు నడిచింది. ఆ మార్గంలోనే అరక్కోణం ఉంది. ఇక్కడి తెలుగువారి నిత్యజీవితంలో రైలుతోపాటు ప్రవేశించిన ఆంగ్లపదాలలో ‘హాల్ట్’ ఒకటి.

ఈ పదానికి మూలం జర్మన్ భాష. ‘పట్టి ఉంచు’ అనే అర్థం గల క్రియ నుంచి పుట్టి, సైనికుల ఆజ్ఞగా ఆంగ్లంలోకి వచ్చింది. కవాతులో ‘హాల్ట్’ అనగానే అందరూ ఒక్కసారిగా ఆగుతారు. కుంటుటను తెలిపే ప్రాచీన ఆంగ్లపదం మరొకటి ఇదే రూపంలో ఉంది. తడబడుతూ సాగే మాటను ‘హాల్టింగ్’ అనడం దాని నుంచి వచ్చినదే.

రైల్వేలో ఈ మాటకు రెండర్థాలున్నాయి. మొదటిది, బండి ఆగే వ్యవధి. సమయపట్టికలో రాకకూ పోకకూ మధ్య రెండు నిమిషాలుంటే, ఆ బండికి అక్కడ రెండు నిమిషాల హాల్ట్ ఉన్నట్లు. రెండవది, చిన్న స్టేషను. హాల్ట్ స్టేషనులో బండ్లను నియంత్రించే ఏర్పాటు ఉండదు. ప్రయాణికులు ఎక్కి దిగడానికి మాత్రమే బండి ఆగుతుంది. అనేక చోట్ల కమీషనుపై నియమితులైన ఏజెంట్లే టికెట్లు అమ్ముతారు.

బస్సుల విషయంలో ‘నైట్ హాల్ట్’ అంటే రాత్రి చివరి ఊరిలో నిలిచి, తెల్లవారుజామున తిరిగి బయలుదేరే బస్సు. మన పాతమాట ‘మజిలీ’ దీనికి దగ్గరగా ఉంటుంది. ‘టర్మినేట్’ వేరు. బండి ఫలానా స్టేషనులో ‘టర్మినేట్’ అవుతుందని ప్రకటిస్తే, అది అక్కడి నుంచి ముందుకు పోదని అర్థం, ప్రయాణికులందరూ దిగవలసిందే.

తమిళ బోర్డులపై ‘నిరుత్తం’ అంటే బండి ఆగే చోటు, ‘నిలైయం’ అంటే స్టేషను. ‘నిరుత్తం’ మన ‘నిలుచు’కు చుట్టమే.

అరక్కోణం మీదుగా పోయే ప్రతి ఎక్స్‌ప్రెస్సూ ఇక్కడ ఆగదు. ఆగుతుందనుకొని ఎక్కి, దిగవలసిన ఊరు దాటిపోతుంటే గొలుసు లాగడం నేరం. 1989 నాటి రైల్వే చట్టంలోని 141వ సెక్షను ప్రకారం, తగిన కారణం లేకుండా గొలుసు లాగినవారికి ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. కావున టికెట్టు కొనేముందే “ఈ బండికి అక్కడ హాల్ట్ ఉందా?” అని విచారణ కౌంటరులో గాని, 139 నంబరుకు ఫోను చేసి గాని తెలుసుకోవడం మేలు.