కంప్యూటరు మూగవోయినచో

స్టూడియోలో వక్త మాటలాడుచుండగా కంట్రోలు గదిలోనికి ధ్వని రానిచో, ఇంజనీరు వెంటనే మైకును విప్పి చూడడు. తీగ తగిలియున్నదా, ఫేడరు తెరచియున్నదా, మీటరు ముల్లు కదలుచున్నదా అని ఒక్కొక్క మజిలీనే విచారించుకొనుచు పోవును. లినక్సుతో నడచు కంప్యూటరు మూగవోయినప్పుడును చేయవలసినది ఇదియే. కాని మన యిండ్లలో జరుగునది వేరు. ధ్వని రాకపోవుటయే తడవుగా డ్రైవరు చెడినదని నిశ్చయించి, దానిని తీసివేసి మరల స్థాపింతురు. అదియు ఫలింపనిచో డిస్కునే తుడిచివేయుదురు.

గత మాసములో మా వీథిలోని విశ్రాంత ఉపాధ్యాయులొకరు తమ ల్యాప్‌టాప్‌ను పట్టుకొని మా యింటికి వచ్చిరి. వారి తల్లిగారు పాడిన మంగళహారతులను పాత క్యాసెట్ల నుండి దానిలోనికి ఎక్కించుకొనియున్నారు. ఆమె ఆబ్దికము నాలుగు దినములలో ఉన్నది. పెట్టెలో చప్పుడు లేదు. మరమ్మతు చేయువాడు సౌండుకార్డు పోయినదనియు, ముందు డిస్కును తుడిచి చూచి, పిమ్మట బోర్డు మార్చవలెననియు చెప్పెనట.

"పాటలకు వేరే నకలు ఉన్నదాండీ?" అని అడిగితిని.

"క్యాసెట్లు బూజుపట్టినవి. పారవేసితిమి" అనిరి.

నేను మొదట చేసిన పని ఆ పాటలను పెన్‌డ్రైవులోనికి ఎక్కించుట. పాఠకులును ఈ క్రమమునే పాటింపవలెనని నా మనవి.

లినక్సులో ధ్వని కొన్ని అంతస్తులు దిగి స్పీకరును చేరును. పైన పాటను వినిపించు ప్రోగ్రాము ఉండును. దాని క్రింద ధ్వని సర్వరు. పలు ప్రోగ్రాముల ధ్వనులను ఒక్కటిగా కలిపి పంపుట దీని విధి. ఫెడోరా పంపిణీలో 2007లో పల్స్‌ఆడియో ఈ స్థానమునకు వచ్చినది. 2021లో అచ్చటనే పైప్‌వైర్ దాని బదులు కూర్చున్నది. అడుగున కెర్నెలులో ఆల్సా కలదు. 1998లో యారొస్లావ్ కిసేలా ఆరంభించిన ఈ ఏర్పాటు, 2003 డిసెంబరులో వెలువడిన 2.6 కెర్నెలుతో, అంతకు ముందున్న ఓఎస్ఎస్ స్థానమును ఆక్రమించినది. డ్రైవర్లు ఉండునది ఇచ్చటనే. కెర్నెలునకును సౌండుకార్డునకును నడుమ డ్రైవరు దుబాసి వంటిది.

విచారణను అడుగు నుండియే ఆరంభింపవలెను. టెర్మినలులో "ఏప్లే" అని టైపు చేసి, ఖాళీ వదలి, అడ్డగీతతో చిన్న "ఎల్" అక్షరమును చేర్చినచో కార్డుల జాబితా వచ్చును. కార్డు అందులో ఉన్నచో దుబాసి వచ్చి కూర్చున్నట్లే. డ్రైవరును మరల మరల స్థాపించుట సాధారణముగా వృథాశ్రమ. జాబితా శూన్యమైనచో మాత్రము అనుమానము డ్రైవరు మీదికి పోవలెను. ఇటీవలి ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో పెక్కింటికి డ్రైవరొక్కటియే చాలదు. "సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్" అను ప్యాకేజీ కూడ ఉండవలెను. అది కొరవడినచో కెర్నెలు సందేశములలో ఫిర్యాదు కనబడును.

ఉపాధ్యాయులవారి పెట్టెలో రెండు కార్డులు కనబడినవి. ఒకటి లోపలి స్పీకర్లది. రెండవది హెచ్‌డీఎంఐ తీగ ద్వారా టెలివిజనునకు ధ్వని పంపునది. సర్వరు ఈ రెండవదానిని ఎన్నుకొని, లేని టెలివిజనునకు పాట వినిపించుచు కూర్చుండుట తరచు జరుగును. సెట్టింగులలో చూచితిని; ఎన్నిక సరిగనే యున్నది.

ఇక మిగిలినది మిక్సరు. "ఆల్సామిక్సర్" అని టైపు చేయగా తెరమీద ఒకే స్తంభము, నిండుగా, కనబడినది. "ఇది మేమును చూచితిమండీ, అంతయు పూర్తిగనే పెట్టియున్నది" అనిరి. మోసమంతయు ఇచ్చటనే యున్నది. ఆ స్తంభము సర్వరుది, కార్డుది కాదు. ఎఫ్ 6 మీటను నొక్కి అసలు కార్డును ఎన్నుకొనవలెను. అట్లు చేయగా మాస్టర్, హెడ్‌ఫోన్, స్పీకర్, పీసీఎం అను స్తంభములు వరుసగా వచ్చినవి. స్పీకర్ స్తంభము అడుగున రెండు ఎమ్ అక్షరములు కలవు. అనగా నోరు మూయబడినదని అర్థము. ఎమ్ మీటను ఒకసారి నొక్కగా అక్షరములు పోయి రెండు సున్నలు వచ్చినవి, నోరు తెరచుకొన్నది.

పాట వినవచ్చినది. నడుమ ఒక పసిబిడ్డ ఏడ్పు కూడ ఉన్నది. "మా తమ్ముడండీ" అనిరి ఉపాధ్యాయులు.

ఇట్లు సరిచేసిన పిదప కూడ స్పీకరు మరల మూగవోయినచో, ఆ తెరమీదనే "ఆటో మ్యూట్" అను అంశమును చూడవలెను. హెడ్‌ఫోను తగిలించినప్పుడు స్పీకరును ఆపుట దాని పని; రంధ్రములో దుమ్ము చేరి, లేని హెడ్‌ఫోను ఉన్నట్లు తోచినను అది ఆపివేయును.

స్థాయిల విషయమున మా వృత్తివారి పట్టుదల ఒకటి ఉన్నది. ఒక స్తంభమును బాగుగ తగ్గించి, ఆ లోటును దాని తరువాతి మజిలీలో పెంచి పూడ్చినచో పాటతోపాటు రొద కూడ పెరుగును. సర్వరులో నూటికి నూరు దాటించినచో గట్టి స్వరములు చీలిపోవును. కార్డు స్తంభములను తగిన ఎత్తున నిలిపి, దినదినము కావలసిన హెచ్చుతగ్గులను సర్వరు వద్దనే చేసికొనుట మేలు.

మార్పులు మరునాటికి నిలువనిచో, నిర్వాహకుని అధికారముతో "ఆల్సాసీటీఎల్ స్టోర్" అను ఆజ్ఞను ఇచ్చి భద్రపరచుకొనవలెను.