ఇంటి చదువునకు పాఠ్యమును, ప్రొద్దును ఏర్పరచుట

కలకత్తాలోని జొరాసాంకో ఠాకూరుల భవనమున, పందొమ్మిదవ శతాబ్ది యుత్తరార్ధమున, ఒక బాలునకై ఏర్పరచిన చదువుల పట్టికను తలచుకొన్నచో నేటికిని మనస్సు బరువెక్కును. తెల్లవాఱకమునుపే లేచి మల్లునితో కుస్తీ పట్టవలయును. ఆ మట్టిమేనిమీదనే చొక్కా తొడుగుకొని వచ్చి సాహిత్యము, గణితము, భూగోళము, చరిత్ర వరుసగా చదువవలయును. పాఠశాలకు పోయివచ్చునప్పటికి చిత్రలేఖనము నేర్పువాడును, సాము నేర్పువాడును కాచుకొని యుందురు. దీపములు పెట్టిన పిదప ఆంగ్లోపాధ్యాయుడు వచ్చును, పుస్తకము తెఱచుటయే తడవుగా బాలుని కన్నులు మూతపడును. ఆ బాలుడు రవీంద్రనాథుడు. చదువు చూచుకొన్నవాడు మూడవ యన్నగారైన హేమేంద్రనాథుడు. తమ్ములు సకలవిద్యలయందును ఆరితేఱవలెనను ప్రేమయే తప్ప ఆయనకు వేఱొక యుద్దేశము లేదు.

1873లో తండ్రి దేవేంద్రనాథుడు ఆ బాలునే, 11 ఏండ్లవానిని, వెంటబెట్టుకొని హిమాలయములలోని డల్హౌసీకి పోయెను. అచ్చట తండ్రియే గురువు. చీకటితో లేపి సంస్కృత శబ్దములు వల్లె వేయించెడివాడు. ప్రొద్దు పొడిచిన పిదప ఇరువురును కొండదారులలో నడచివచ్చెడివారు. ఒక గంటసేపు ఆంగ్లము. తరువాత వణకించు చన్నీట స్నానము. మధ్యాహ్నము మరల పాఠము మొదలిడినను, వేకువనే లేచిన పిల్లవానికి కునికిపాట్లు వచ్చెడివి. తండ్రి యది గ్రహించి పుస్తకము మూయగానే నిద్ర యెటుపోయెనో పోయి, చేతికఱ్ఱ పుచ్చుకొని వాడు కొండలమీదికి పరుగెత్తెడివాడు. ఆ యాత్రలోనే తండ్రి రాత్రులందు నక్షత్రములను చూపి ఖగోళవిషయములు బోధించెను. కొంత రొక్కము చేతికిచ్చి దాని జమాఖర్చులు వ్రాయించెను.

ఒకే పిల్లవానికి లభించిన యీ రెండు దినచర్యలను, ఇంటియొద్దనే చదువు చెప్పుకొందమని సంకల్పించుకొను ప్రతి తల్లియు, ప్రతి తండ్రియు ప్రక్కప్రక్కన నుంచుకొని చూడవలెనని నా విన్నపము. హైదరాబాదులో గాని, విశాఖపట్టణములో గాని, సముద్రములు దాటి అమెరికాలో గాని, అట్టి సాహసమునకు పూనుకొన్న తెలుగు కుటుంబములు తఱచుగా మొదటి పట్టికనే తిరుగవ్రాయుచున్నవి: బడిలో ఏడు విషయములున్నచో ఇంటిలో తొమ్మిది, వానికి తోడు కోడింగు, అబాకస్, సంగీతము, ఒక విదేశభాష. బడిని విడిచినందులకు లోలోపల నున్న భయమే యీ జాబితాలను పెంచుచున్నది. పాఠ్యము నెన్నుకొనుట యనగా ప్రధానముగా వేనిని విడిచిపెట్టవలెనో నిశ్చయించుకొనుట. ప్రాథమిక వయస్సులో ఆ నిశ్చయము ఎంత ధైర్యముగా చేసికొన్న అంత మేలు.

మొదట కాలమును గూర్చిన భయమును పోగొట్టుకొందము. 2009 నాటి విద్యాహక్కు చట్టము 1 నుండి 5 వఱకు గల తరగతులకు ఏడాదికి 200 పనిదినములు, 800 బోధనాగంటలు ఉండవలెనని నిర్దేశించుచున్నది. అనగా దినమునకు నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలును ముప్పదిమంది పిల్లల నడుమ గడచునవి. హాజరు పిలుచుట, అందఱును నల్లబల్లమీది వ్రాతను ఎక్కించుకొనువఱకు ఆగుట, ఒకరి నోటుపుస్తకము దిద్దుచుండగా ఇరువది తొమ్మండుగురు వేచియుండుట, ఇవన్నియు వానిలోనివే. ఇంటిలో తల్లి యెదుట కూర్చున్నది ఒక్క బిడ్డ, లేదా యిద్దఱు. కావున ఆఱేడేండ్ల పిల్లకు గంట, గంటన్నర, ఎనిమిది మొదలు పదేండ్లవారికి రెండు, రెండున్నర గంటలు కూర్చుండి చదువుట చాలునని నేను నిస్సంకోచముగా చెప్పగలను. మిగిలిన ప్రొద్దంతయు ఆటకు, ఇంటిపనికి, కథలకు, ఊరకుండుటకు చెందవలెను.

ఐనను విదేశములనున్న వారు తమ రాష్ట్రనిబంధనలను మాత్రము వేఱుగా చూచుకొనవలెను. న్యూయార్కు రాష్ట్రము 1 నుండి 6 తరగతుల పిల్లలకు ఏడాదికి 900 గంటలను, మూడు నెలల కొకమాఱు నివేదికను కోరును. టెక్సస్ అట్టి లెక్క యేదియు అడుగదు.

ఆంగ్లదేశమున షార్లెట్ మేసన్ అను విద్యావేత్త (1842–1923) గృహవిద్యను గూర్చి 1886లోనే గ్రంథము వ్రాసి, 1891 మొదలుకొని కుటుంబములకు తపాలాద్వారా పాఠ్యప్రణాళికలు పంపించెను. ఎనిమిదేండ్లలోపు పిల్లలకు ఏ పాఠమును ఇరువది నిమిషములు మించరాదని ఆమె నియమము. పొట్టిపాఠము పిల్లవానిని గారాబముచేయుట కొఱకని కొందఱు భ్రమపడుదురు. ఆమె యుద్దేశము దానికి విరుద్ధము: ఇరువది నిమిషములే యున్నవని తెలిసినప్పుడు బిడ్డ పూర్ణమైన యవధానమును చూపగలడు, ఆ యవధానమే యలవాటుగా మాఱును. ఒక్కమాఱు చదివి వినిపించిన కథను పుస్తకము మూసి బిడ్డచేతనే తిరిగి చెప్పించుట ఆమె పద్ధతులలో ముఖ్యమైనది. దీనికి ప్రశ్నపత్రము వలదు, ఖాళీలు పూరించుట వలదు. విన్నది క్రమములో పెట్టుకొని తన మాటలలో చెప్పునపుడు బిడ్డకు ఏది బోధపడినదో, ఏది జాఱిపోయినదో తల్లికి తెల్లముగా తెలియును.

ఇక పుస్తకముల మాట. కొనవలసినది మీరనుకొన్నదానికంటె చాల తక్కువ. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల పాఠ్యపుస్తకములు గాని, ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకములు గాని అంతర్జాలమునుండి ఉచితముగా దింపుకొనవచ్చును. ఉభయరాష్ట్రములును ఒక ప్రక్క పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఆంగ్లము ఉండునట్లు అచ్చువేసిన ద్విభాషాపుస్తకములు ఇంటిచదువునకు ప్రత్యేకముగ అనుకూలించునవి. శాస్త్రవిషయమును తెలుగులో బోధపఱచి, ఆ మాటకే ఆంగ్లములో ఏమందురో ఎదుటి పుటలో చూపవచ్చును. పెట్టెలలో వచ్చు ఖరీదైన సంపూర్ణ పాఠ్యములు, రోజు రోజునకు ఏమి చేయవలెనో వ్రాసియిచ్చునవి, మొదటి యేట తల్లికి ధైర్యము నిచ్చును, సందేహము లేదు. కాని అవి ఒక ఊహాకల్పితమైన పిల్లకై వ్రాయబడినవి, మీ పిల్లకై కాదు. తరగతిసంఖ్యను చూచి పుస్తకము కొనరాదు. ఒక పుట తెఱచి పిల్లచేత పైకి చదివించుడు. ఒక్క పుటలోనే అయిదుకంటె ఎక్కువ మాటలవద్ద తడబడినచో ఆ పుస్తకము స్వయముగ చదువుకొనుటకు ఇంకను బరువైనది. దానిని మీరు చదివి వినిపింపవచ్చును. పిల్లకు మఱొకటి, తేలికది, ఈయవలెను.

గణితముయొక్క ఎంపికలో మాత్రము తల్లిదండ్రులు ఆలస్యమైనను సరే, శ్రద్ధ వహింపవలెను; ఏలయన ఇందొక మెట్టు విఱిగినచో పైమెట్లన్నియు కదలును. 43లోనుండి 18 తీసివేయుమనుడు. పుస్తకములో పక్కయింటినుండి ‘ఒకటి అప్పు తెచ్చుకొను’ విధానమును చూపి ఎన్ని లెక్కలు చేయించినను, ఆ అప్పు ఏమిటో ఎఱుగని పిల్లలు కోకొల్లలు. దానికి బదులు, పదేసి చీపురుపుల్లలను దారముతో కట్టిన కట్టలు నాలుగు, విడిపుల్లలు మూడు నేలమీద నుంచి, పదునెనిమిది తీసి నా కిమ్మని యడుగుడు. పిల్ల మొదట ఒక కట్ట తీసి యిచ్చును. ఇంక ఎనిమిది పుల్లలు కావలెను, ఉన్నవి మూడే. కొంతసేపు మీ ముఖము వంక చూచును. అప్పుడు మీరు నోరు మెదపకుండుటయే బోధన. చివరకు ఒక కట్ట చేతికి తీసికొని దారము విప్పును. విడిపుల్లలు పదమూడైనవి, ఎనిమిది ఇచ్చివేయగా అయిదు, కట్టలు రెండు, వెరసి యిరువదియైదు. మఱునాడు పుల్లలకు బదులు గీతలు గీయించి, అటుపిమ్మట అంకెలలో వ్రాయించినచో, అప్పు తెచ్చుకొనుట యనగా కట్ట విప్పుటయే యని ఆ పిల్ల ఇక మఱువదు. వస్తువు, బొమ్మ, అంకె యను నీ క్రమమునే 1980ల నుండి సింగపూరు ప్రాథమిక గణితపుస్తకములు పాటించుచు లోకప్రసిద్ధి గాంచినవి. 1, 2 తరగతులకు 2023లోను, 3వ తరగతికి 2024లోను వచ్చిన ఎన్.సి.ఇ.ఆర్.టి. నూతన గణితపుస్తకములును వస్తువులకు, ఆటలకు చాల చోటిచ్చినవి.

గణితపుస్తకములలో మఱొక భేదము కలదు. కొన్ని ఒక విషయమును పట్టుకొని అది పూర్తిగా పట్టుబడువఱకు విడువవు. కొన్ని ప్రతివారమును కొంత కూడిక, కొంత కొలత, కొంత భిన్నము తిప్పి తిప్పి చూపుచుండును. నేర్చినది పదిదినములలో మఱచు పిల్లకు రెండవరకము హితము. విషయము మాఱిన ప్రతిమాఱును చీకాకుపడు పిల్లకు మొదటిది. ఇది మీ పిల్లను చూచి తెలిసికొనవలసినదే గాని, ప్రచారపత్రముల వలన తేలునది కాదు.

భాషావిషయమున నాకు గట్టి యభిప్రాయము కలదు: మాతృభాషలో చదువను వ్రాయను వచ్చువఱకు తక్కినవన్నియు దానికి వెనుకనే నడువవలెను. తెలుగు వర్ణమాల, గుణింతములు, ఒత్తులు, వీనిలో ఒత్తులకే ఒక్కొక్క పిల్లకు నెలలు పట్టును; పట్టనిండు. దినమునకు పదునైదు నిమిషములు పైకి చదువుట, పది నిమిషములు చూచివ్రాత, వారమున కొకటి రెండు మాఱులు చిన్న వాక్యములతో ఉక్తలేఖనము, ఇంతకంటె మొదటి రెండేండ్లలో అక్కఱలేదు. ఆంగ్లము చెవికి పాటలుగా, కథలుగా అలవడుచుండవచ్చును. 2020 నాటి జాతీయ విద్యావిధానము సైతము సాధ్యమైనచోటనెల్ల కనీసము 5వ తరగతివఱకు మాతృభాషలో బోధింపుమనుచున్నది. ఊరంతయు ఇంగ్లీషు ఇంగ్లీషని కలవరించుచున్న దినములలో తమకు ముందుగా వంగభాషను నేర్పించిన హేమేంద్రనాథునకు రవీంద్రుడు ‘జీవనస్మృతి’లో కృతజ్ఞతాపూర్వకముగ నమస్కరించెను, పట్టిక బరువైనదే యైనను ఆ యన్న మూలవిషయమున తప్పలేదు.

అయితే చరిత్ర, విజ్ఞానము, భూగోళము, చిత్రలేఖనము, సంగీతము ఎప్పుడు? వీనికి గడియారము కట్టకుడు, వారమును కట్టకుడు; వరుస మాత్రమే కట్టుడు. గణితమును, చదువును, వ్రాతయును అనుదినము ఉదయమున, మనస్సు తేటగా నున్నప్పుడే ముగించి, తరువాతి అరగంటలో వరుసలో వచ్చిన ఒక్క విషయమును చేపట్టవలెను. ‘మంగళవారము విజ్ఞానము’ అని వ్రాసికొన్నచో, రెండు మంగళవారములు చుట్టములు వచ్చిన విజ్ఞానము నెలపొడవునను మూలబడును. వరుస యున్నచో, పురాణము చెప్పువారు నిన్న నిలిపిన ఘట్టమునుండి నేడందుకొన్నట్లు, ఆగినచోటనుండియే సాగవచ్చును. ఏ విషయమును వెనుకబడదు, తల్లికి అపరాధభావమును కలుగదు. జ్వరము వచ్చిన దినమున, పెండ్లి ప్రయాణపు దినమున, కథ యొకటి చదివి నాలుగు నోటిలెక్కలు అడిగి పుస్తకములు సర్దివేయుడు. అట్టి దినమును ముందుగనే పట్టికలో ఒప్పుకొనవలెను.

సంవత్సరమునకు లెక్క సులభమే. వారమునకు అయిదు దినములు, నలువది వారములు. ఇన్నూఱు దినములు పూర్తియగును. సంక్రాంతికి, దసరాకు, వేసవికి పండ్రెండు వారములు మిగులును. గణితపుస్తకమున 14 పాఠములున్నవనుకొందము: పాఠమునకు రెండు వారముల చొప్పున ఇరువది యెనిమిది వారములు పోగా, పునశ్చరణకును, మొండికేసిన పాఠమును మొదటినుండి తిరిగి చెప్పుటకును పండ్రెండు వారముల వెసులుబాటుండును. ఆ వెసులుబాటును మఱొక పుస్తకముతో నింపవలదని ప్రత్యేకముగ కోరుచున్నాను.

ఇంటిలో ఆఱేండ్ల బిడ్డయు తొమ్మిదేండ్ల బిడ్డయు ఉన్నచో గణితమును, చదువును మాత్రమే విడివిడిగా చెప్పవలెను. కథ, చరిత్ర, విజ్ఞానము ఇద్దఱికి నొకటే. పెద్దది తాను విన్నది వ్రాయును, చిన్నది బొమ్మ గీయును. తండ్రి యుద్యోగమునకు పోవువాడైనను రాత్రి కథాపఠనమును, ఆదివారపు సంతలో బేరసారముల లెక్కను తనవిగా చేసికొనవచ్చును.

ఎన్నుకొన్న పుస్తకము కుదరలేదని తోచినప్పుడు వెంటనే మార్చుట, ఎంతకును మార్చకుండుట, రెండును పొరపాట్లే. ఆఱువారములు చూడవలెను. ఆలోపల పాఠము సగము చేసి చూడవలెను, వేళ మార్చి చూడవలెను, ఆ యయిష్టమునకు కునుకుతో గాని ఆకలితో గాని సంబంధమేమైన నున్నదేమో చూడవలెను. అప్పటికిని పుస్తకము కనబడగానే బిడ్డ కన్నీరు పెట్టుకొన్నచో, ఎంత ధనము పోసి కొన్నదైనను బీరువాలో పెట్టివేయుడు.

చట్టమును గూర్చి కొంత తెలిసికొని యుండుట మంచిది. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము 6 నుండి 14 ఏండ్ల పిల్లలను సమీప పాఠశాలలో చేర్చుట తల్లిదండ్రుల కర్తవ్యమని చెప్పుచున్నది. ఇంటి చదువునకు ప్రత్యేకమైన యనుమతియు, చేర్పని తల్లిదండ్రులకు శిక్షయు అందు వ్రాయలేదు. పరీక్షార్హత కావలెనన్నవారికి 1989లో నెలకొల్పిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ కలదు. దాని ప్రాథమికవిద్యలోని మూడు స్థాయులు 3, 5, 8 తరగతులతో సమానములు; 14 ఏండ్లు నిండినవారు పదవ తరగతితో సమానమైన పరీక్షకు కూర్చుండవచ్చును. నడుమ ఎప్పుడైన బడికి పంపదలచినను తోవ మూసికొనిపోలేదు. బడిలో చేరని పిల్లను వయస్సునకు తగిన తరగతిలోనే చేర్చుకొనవలెనని ఆ చట్టమే విధించుచున్నది. ఆ దినమునకై ఒక దస్త్రము సిద్ధముగ నుంచుకొనుడు: ఏ నెలలో ఏ పుస్తకము చదివినది, నెలకొక వ్రాతపుట, ముగిసిన లెక్కల పుస్తకములు, ప్రతిదానిమీద తేదీ. చేయదలచిన పనుల పట్టిక అందక్కఱలేదు. చేసిన పనుల వివరమును ప్రతిసాయంకాలము రెండు పంక్తులలో వ్రాసిపెట్టిన చాలును.