కీర్తనరూపంలో క్రైస్తవ దైవశాస్త్రం: పురుషోత్తమ చౌదరి

వ్యాససంగ్రహం: పురుషోత్తమ చౌదరి (1803–1890) తెలుగు సాహిత్యచరిత్రలో క్రైస్తవ కీర్తనకారుడిగా గుర్తింపు పొందారు. దైవశాస్త్రవేత్తగా ఆయన్ను చదవడం తక్కువ. ఆయన కీర్తనలో రూపం, పదజాలం రెండూ సిద్ధాంతప్రతిపాదనకు సాధనాలయ్యాయని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: పురుషోత్తమ చౌదరి, కీర్తన, శరణాగతి, అవతారం, టెక్కలి, ఉద్దానం.

1. ఉపోద్ఘాతం

చౌదరి పర్లాకిమిడి ప్రాంతంలో స్థిరపడిన బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. 1833లో కటకంలో బాప్తిస్మం పొంది, ఆ తరువాత సువార్తసేవలో జీవితం గడిపారు. ఆయన సేవాక్షేత్రాలలో శ్రీకాకుళం, బరంపురం ఉన్నాయి. ఆ రెండు పట్టణాలను కలిపే దారి టెక్కలి, నేటి పలాస, ఇచ్ఛాపురాల మీదుగా సాగుతుంది. దానికి సముద్రం వైపున ఉద్దానం. తెలుగు, ఒడియా కలిసి వినిపించే ఈ నేల శ్రీకూర్మం, ముఖలింగం క్షేత్రాల భక్తిసంప్రదాయాలకూ, జగన్నాథభక్తికీ పరిచితమైనది. అందువల్ల కీర్తన ఇక్కడి శ్రోతకు కొత్త ప్రక్రియ కాదు. అందులోని విషయమే కొత్తది.

2. పల్లవి, చరణం: రూపం చేసే పని

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటాల్లో చౌదరి రచనలకు రాగతాళాల సూచన ఉంటుంది. పల్లవి, చరణాల విభజన కర్ణాటక కీర్తనను అనుసరిస్తుంది. ఈ విభజనకు దైవశాస్త్రపరమైన ప్రయోజనం ఉంది. క్రీస్తు జననమరణాల వంటి గతఘటనలను చరణం కథనం చేయగలదు; పల్లవి పాడేవాని వర్తమాన ప్రార్థనను నిలుపుతుంది. ప్రతి చరణం తరువాత పల్లవికి తిరిగి రావడం వల్ల గతఘటన గాయకుని సొంత స్థితికి అన్వయమవుతుంది. ప్రసంగంలో బోధకుడు విడిగా చెప్పవలసిన అన్వయాన్ని ఇక్కడ రూపమే నిర్వహిస్తుంది. చదవడం రానివారికి సైతం సిద్ధాంతం కంఠస్థం కావడానికి ఇదే మార్గం.

3. పదజాలం: స్వీకారం, సవరణ

'త్రాహిమాం క్రీస్తు నాథ' అన్న కీర్తన పేరే ఆయన పద్ధతిని సూచిస్తుంది. రక్షించమని వేడే సంస్కృత భక్తిసంబోధన క్రీస్తును ఉద్దేశించినదైంది. శరణాగతిలో భక్తుడు తన పుణ్యాన్ని ఆధారంగా చూపడు. క్రియల వల్ల కాక కృప వల్లనే రక్షణ అన్న ప్రొటెస్టెంట్ సిద్ధాంతానికి తెలుగులో ఇంతకంటె సన్నిహితమైన భావన దొరకడం కష్టం.

అయితే అన్ని పదాలూ ఇంత సులభంగా ఒదగవు. 'అవతారం' యుగయుగాన మళ్లీ జరిగే దైవాగమనాన్ని స్ఫురింపజేస్తుంది. క్రైస్తవసిద్ధాంతంలో దేవుడు మనిషి కావడం ఒకేసారి జరిగింది. ఇటువంటి పదాన్ని క్రైస్తవ కీర్తనలో వాడినప్పుడు దాని అర్థాన్ని కట్టడి చేసేది చుట్టూ ఉన్న సిలువ వృత్తాంతమే. పాత పదం కొత్త కథలో ఇమడడమే అసలైన అనువాదం. తంజావూరులో వేదనాయక శాస్త్రి (1774–1864) తమిళ కీర్తనలో ఎదుర్కొన్న సమస్య కూడా ఈ కోవలోనిదే.

4. కులం: తేలని ప్రశ్న

'కులాచార పరీక్ష' అనే గ్రంథంలో చౌదరి కులవ్యవస్థను నేరుగా పరిశీలనకు పెట్టారు. సామూహికగానంలోనూ కులాలకు అతీతంగా అందరూ ఒకే తాళానికి కట్టుబడతారు. అయినా ఆయన భాష సంస్కృతభక్తి సంప్రదాయం నుంచి వచ్చింది. తెలుగు క్రైస్తవ సంఘాల్లో అధికభాగం దళితులు. 1983లో ఆర్.ఆర్. సుందరరావు తెలుగు కీర్తనల్లోని భక్తి దైవశాస్త్రాన్ని ఆంగ్లంలో గ్రంథస్థం చేశారు. అదే దశకంలో అరవింద్ పి. నిర్మల్ దళిత దైవశాస్త్రాన్ని ప్రతిపాదిస్తూ, అగ్రవర్ణ తాత్త్విక పరిభాషపై నిర్మితమైన భారతీయ క్రైస్తవచింతనను ప్రశ్నించారు. ఆ ప్రశ్న చౌదరి కీర్తనకూ వర్తిస్తుంది. దానికి జవాబు రచయిత పుట్టుకలో మాత్రమే వెదకడం అసమగ్రం. ఏ సంఘం ఏ కీర్తనను నిలుపుకుంది, దేనిని వదిలింది, ఏ బాణీలో పాడుతోంది అన్నవి కూడా సాక్ష్యాలే.

5. ముగింపు

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడడంతో పర్లాకిమిడి ఆ రాష్ట్రంలో చేరింది. చౌదరి పుట్టిన ప్రాంతం ఒక రాష్ట్రంలో, ఆయన భాషాసమాజంలో అధికభాగం మరొక రాష్ట్రంలో నిలిచాయి. విద్యాశాఖల సరిహద్దు కూడా ఇటువంటిదే: కీర్తనను సాహిత్యశాఖకు, సిద్ధాంతాన్ని వేదాంతకళాశాలకు పంచి ఇచ్చే అలవాటు ఆయన్ను రెండు చోట్లా అసంపూర్ణంగా మిగిల్చింది. టెక్కలి, పలాస, ఉద్దానం సంఘాల్లో వృద్ధుల గానాన్ని ముద్రిత రాగతాళ సూచనలతో పోల్చే క్షేత్రపరిశోధన ఈ లోటును కొంత తీర్చగలదు. పాత బాణీలు తెలిసిన తరం ఉండగానే ఆ పని జరగాలి.