చెయ్యి దూరని చోట వెల్డింగ్

రామగుండం, సింహాద్రి వంటి థర్మల్ విద్యుత్కేంద్రాలలో 500 మెగావాట్ల యూనిట్లు ఉన్నాయి. ఇంతటి యూనిట్‌లో టర్బైనును తిప్పే ఆవిరి పీడనం వాతావరణ పీడనానికి సుమారు 170 రెట్లు. ఉష్ణోగ్రత సుమారు 540 డిగ్రీల సెల్సియస్. ఆవిరిని తయారుచేసే బాయిలర్ నిండా ఉక్కు గొట్టాలే. వాటిని కలిపే వెల్డింగ్ అతుకులు వేల సంఖ్యలో ఉంటాయి. ఒక్క అతుకు లోపించినా గొట్టం చిల్లుపడి ఆవిరి చిమ్ముతుంది. అప్పుడు యూనిట్‌ను ఆపి, బాయిలర్ చల్లారాక మనుషులు లోపలికి వెళ్లి మరమ్మతు చేయాలి.

ఈ గొట్టాలు ఎంత దగ్గరగా ఉంటాయో చిన్న లెక్క చూడండి. గొట్టం బయటి వ్యాసం 63.5 మిల్లీమీటర్లు, పక్కపక్క గొట్టాల కేంద్రాల మధ్య దూరం 76.2 మిల్లీమీటర్లు అనుకుందాం. మిగిలే సందు 12.7 మిల్లీమీటర్లు. వేలు దూరడమే కష్టం! మరి గొట్టం చుట్టూ అతుకు వేయడమెలా? ఇక్కడే వెల్డర్ చేతిలోని టార్చి ఎంపిక కీలకమవుతుంది.

టిగ్ అంటే ఏమిటి?

టిగ్ అంటే 'టంగ్‌స్టన్ ఇనర్ట్ గ్యాస్'. టంగ్‌స్టన్ కడ్డీ కొనకూ, అతకవలసిన లోహానికీ మధ్య విద్యుత్ ఆర్క్ వెలుగుతుంది. దాని వేడికి లోహం కరుగుతుంది. టంగ్‌స్టన్ ద్రవీభవన స్థానం 3,422 డిగ్రీలు కాబట్టి కడ్డీ కరగదు. కరిగిన లోహాన్ని గాలిలోని ఆక్సిజన్, నైట్రోజన్ పాడుచేయకుండా ఆర్గాన్ అనే జడవాయువు కవచంలా కప్పి ఉంచుతుంది. 1941లో అమెరికాలోని నార్త్‌రోప్ విమాన కర్మాగారంలో రస్సెల్ మెరెడిత్, తేలికగా మండిపోయే మెగ్నీషియంను అతకడానికి ఈ పద్ధతిని తీర్చిదిద్దాడు. ఆయన వాడిన జడవాయువు హీలియం.

టార్చి ఈ కడ్డీని పట్టుకోవాలి, విద్యుత్తును అందించాలి, వాయువును వదలాలి, వేడిని తట్టుకోవాలి. ఇరుకు చోట ఈ నాలుగు పనులూ ఒకదానికొకటి అడ్డుపడతాయి.

చిన్న టార్చి, పెద్ద వేడి

ఇరుకు చోటికి చిన్న టార్చి తీసుకుంటే సరిపోదా అని మీరు అడగవచ్చు. 125 ఆంపియర్ల విద్యుత్తు 12 వోల్టుల ఆర్క్ గుండా ప్రవహిస్తే వెలువడే శక్తి 1,500 వాట్లు. ఇంట్లో వాడే ఇస్త్రీపెట్టె కంటే ఇది ఎక్కువ. ఇందులో కొంత భాగం టార్చి తలలోకే వస్తుంది. తల చిన్నదైన కొద్దీ వేడిని వదిలించుకునే ఉపరితలం తగ్గుతుంది.

అందుకే ప్రతి టార్చికీ ఒక పరిమితి ఉంటుంది. వాడుకలో ఉన్న నమూనాలలో 9వ నంబరు 125 ఆంపియర్లు, 17వ నంబరు 150, 26వ నంబరు 200 ఆంపియర్ల వరకు పనికివస్తాయి. ఇవి గాలితో, లోపల ప్రవహించే ఆర్గాన్‌తో చల్లబడతాయి. 20వ నంబరు తల దాదాపు 9వ నంబరంతే ఉంటుంది. కానీ 250 ఆంపియర్లు తట్టుకుంటుంది. రహస్యం నీరు! తలలో తిరిగే నీరు వేడిని మోసుకుపోతుంది. అయితే నీటి గొట్టాలు, పంపు వెంట ఉండాలి. బాయిలర్ లోపల పరంజా మీద అది అదనపు బరువే.

పొడవు తగ్గించడానికి ఇంకో ఉపాయం ఉంది. టార్చి వెనుక ఉండే పొడవాటి మూత తీసి పొట్టి మూత బిగించవచ్చు. అయితే టంగ్‌స్టన్ కడ్డీని కూడా ఆ మేరకు కత్తిరించుకోవాలి. మెడ వంగే టార్చిలు కూడా ఉన్నాయి. పదే పదే వంచితే మెడ పగిలి వాయువు కారవచ్చు కాబట్టి వాటిని తరచూ పరీక్షించాలి.

వాయువు చెదరకూడదు

వాయువు బయటికి వచ్చే పింగాణీ కప్పుకు నంబరు ఉంటుంది. ఆ నంబరు అంగుళంలో పదహారవ వంతులను సూచిస్తుంది. అంటే 6వ నంబరు కప్పు లోపలి వ్యాసం 6/16 అంగుళం, సుమారు 9.5 మిల్లీమీటర్లు. గోడ మందం కూడా కలిపితే అది మన 12.7 మిల్లీమీటర్ల సందులో కదలడం కష్టం. కాబట్టి కప్పును బయటే ఉంచి, కడ్డీని ముందుకు చాచాలి. కానీ మామూలు అమరికలో కడ్డీ కప్పు వ్యాసాన్ని మించి బయటికి రాకూడదు. వస్తే కొన వద్ద కవచం పలచబడుతుంది.

అయితే ఆర్గాన్‌ను ఎక్కువగా వదిలితే? కుళాయిని కొద్దిగా తిప్పి చూడండి. ధార గాజుకడ్డీలా నున్నగా జారుతుంది. పూర్తిగా తిప్పితే చెదిరిపోతుంది. వాయువూ అంతే. వేగం మితిమీరితే సుడులు తిరిగి, చుట్టూ ఉన్న గాలిని తనలోకి లాక్కుంటుంది. ఫలితంగా అతుకులో బుడగలు మిగులుతాయి.

దీనికి పరిష్కారం 'గ్యాస్ లెన్స్'. పేరు లెన్స్ అయినా ఇందులో అద్దం లేదు; సన్నని తీగ జల్లెళ్లు ఉంటాయి. వాటి గుండా వచ్చిన వాయువు పొరలు పొరలుగా, చెదరకుండా దూరం పోతుంది. గాలి వీచని చోట కడ్డీని సుమారు 25 మిల్లీమీటర్ల వరకు చాచవచ్చు.

ఇక చూపు. గొట్టం వెనుకవైపు కంటికి కనిపించదు కనుక వెల్డర్లు అద్దం పెట్టుకుని, ప్రతిబింబాన్ని చూస్తూ అతుకుతారు. అద్దంలో దిశ తారుమారవుతుంది. దీనికి ప్రత్యేక సాధన కావాలి.

ఎలా ఎంచుకోవాలి?

ముందు లోహం మందాన్ని బట్టి ఎంత విద్యుత్తు కావాలో తేల్చుకోవాలి. తర్వాత సందు కొలవాలి. ఆ విద్యుత్తును తట్టుకునే టార్చిలలో అతి చిన్నదాన్ని ఎంచుకుని, గ్యాస్ లెన్స్, తగిన కప్పు, పొట్టి మూత అమర్చాలి. సందును మాత్రమే చూసి ఎంచుకున్న టార్చి పని మధ్యలో వేడెక్కి, చేయి కాలుస్తుంది.

మరో ప్రమాదం కూడా ఉంది. ఆర్గాన్ గాలికంటే 1.38 రెట్లు బరువు. రంగు, వాసన లేనిది. మూసి ఉన్న చోట అడుగున చేరి ఆక్సిజన్‌ను తోసివేస్తుంది. మనకు ఊపిరాడడం లేదనే బాధ ప్రధానంగా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్ల కలుగుతుంది. ఆర్గాన్ పీల్చేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ మామూలుగానే బయటికి పోతుంది కాబట్టి ఏ హెచ్చరికా లేకుండానే మనిషి స్పృహ తప్పవచ్చు. అందుకే లోపలికి దిగేముందు ఆక్సిజన్ కొలవాలి, గాలి ఆడేలా చూడాలి, బయట ఒక మనిషిని కాపలా ఉంచాలి. పని ఆపినప్పుడు వాయువు కవాటాన్ని సిలిండర్ దగ్గరే కట్టేయాలి.